మీకు తెలుసా? మంచు మీద మొదటి అడుగు వేసే ముందే ఇవి వినండి!

మీ అమ్మాయి టొరంటోలో చదువుతోందా? మనవడిని చూడటానికి డిసెంబరులో షికాగో విమానం ఎక్కుతున్నారా? ఈ జనవరిలో లేహ్‌కి టికెట్లు తీశారా? అయితే కాస్త దగ్గరికి జరగండి! మంచు గుట్టు చెబుతాను. వింటే నోరు వెళ్లబెడతారు. గుర్తుంచుకుంటే కాళ్ల మీద నిలబడతారు! మంచు మీద పడటం తలరాత కాదండీ. వేసే అడుగు, తొడిగే బూటు, చల్లే గుప్పెడు ఇసుక... అంతా వీటిలోనే ఉంది!

మంచు గుట్టు

చలి ఎంత పెరిగితే ఐసు అంత జారుతుందనుకుంటున్నారా? కాదు! ఐసు మహా జారుడుగా ఉండేది మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర! ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు ఐసు మీద ఉక్కు గోళీని జరిపి మరీ కొలిచారు. అంతకంటే వేడెక్కితే ఐసు మెత్తబడి గోళీ దిగబడుతుంది. అంతకంటే చల్లబడితే పైపొర బిగుసుకుంటుంది. జారుడంతా ఆ మధ్యలోనే! స్కేటింగ్ చేసేవాళ్లు కోరుకునే చలి కూడా ఇంచుమించు ఇదే. వాళ్లకు పండగ, నడిచేవాళ్లకు గండం!

మరి ఇంకా ఇంకా చల్లబరుస్తూ పోతే? అసలు తమాషా ఇక్కడే ఉంది! మైనస్ 100 డిగ్రీల దగ్గర ఐసు మొండికేస్తుంది. జారనే జారదు! ఐసు పైపొరలో అణువులు వదులుగా అటూ ఇటూ దొర్లుతుంటాయి. మన కాలిని జార్చేవి అవే. అంత చలిలో అవీ కదలలేవు!

ఈ పైపొర సంగతి మొదట పసిగట్టిందెవరో తెలుసా? కరెంటు ప్రయోగాలతో లోకమంతా పేరు మోసిన మైకేల్ ఫారడే! రెండు ఐసు ముక్కలను ఒకదానికొకటి ఆనించారు. అతుక్కుపోయాయి! ఐసు మీద పల్చని నీటి పొర ఉంటుందని 1850లోనే చెప్పేశారు. మీ ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు ముద్దగా అతుక్కుపోతాయి చూడండి. అదే గుట్టు!

నడవాలంటే నేల మన కాలిని కాస్త పట్టుకోవాలి. ఆ పట్టును ఘర్షణ గుణకం అనే అంకెతో కొలుస్తారు. మామూలు నడకకు 0.2 చాలు! పొడిగా ఉన్న సిమెంటు బాట అంతకు రెండు మూడింతలు ఇస్తుంది. తడిసిన ఐసో? ఆ కాస్తలో సగం కూడా ఇవ్వదు! అందుకే మంచి బూటు వేసుకున్నా నడక మార్చక తప్పదు!

మంచు తెల్లగానే ఉంటుందని ఎవరన్నారు? అన్నిటికంటే ప్రమాదకరమైన మంచుకు రంగే లేదు! దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. పల్చగా పరుచుకుంటుంది. కింద ఉన్న తారు రంగే పైకి కనిపిస్తుంది. రోడ్డు తడిసిందిలే అనుకుంటాం! 2021 ఫిబ్రవరిలో ఫోర్ట్‌వర్త్‌లో, మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉండే డాలస్ పక్కనే, గడ్డకట్టిన రోడ్డు మీద ఒకదాన్నొకటి గుద్దుకున్న వాహనాలు ఎన్నో తెలుసా? 133! అదీ టెక్సస్‌లో!

రోడ్డంతా మామూలుగా ఉంటుంది. వంతెన ఎక్కగానే జర్రున జారుతుంది! ఎందుకు? నేల మీద వేసిన రోడ్డుకు చలిగాలి పైనుంచే తగులుతుంది. కింద భూమి వెచ్చదనం కాస్తుంది. వంతెనకు ఆ భాగ్యం లేదు. పైనా కిందా, 2 వైపులా గాలే! అందుకే వంతెన ముందు గడ్డకడుతుంది. కాలి వంతెనలకూ, చెక్క మెట్లకూ ఇదే లెక్క. అక్కడ రెయిలింగ్ పట్టుకోకుండా అడుగు వేయకండి!

కారు బ్రేకు వేశారు. పొడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందో మీకు అలవాటే. ఐసు మీద? అంతకు 10 రెట్లు పట్టవచ్చు! బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకంలోనే ఈ మాట ఉంది. మీరు రోడ్డు దాటుతున్నప్పుడు డ్రైవరు మిమ్మల్ని చూశాడు కదా అని ధైర్యపడకండి. చూసినంత మాత్రాన ఆపలేడు! కారు పూర్తిగా ఆగాకే కాలు కదపండి!

జారిన ఆ క్షణం

ఇది వింటే ఆశ్చర్యపోతారు. మీరు జారుతూనే ఉంటారు, మీకే తెలియదు! నడకలో మడమ 3 సెంటీమీటర్ల లోపు జారితే మనసు దాకా కబురే రాదు. కాలూ నడుమూ తమలో తాము సర్దేసుకుంటాయి. మన ఒళ్లు మనకు చెప్పకుండానే మనల్ని కాపాడుతోందన్నమాట!

అదే జారుడు 10 సెంటీమీటర్లు దాటిందా? ఇక నిలదొక్కుకోవడం మహా కష్టం! జానెడు కూడా కాదు, దానిలో సగమే! ఎక్కువగా జారేది మడమ నేలకు తగిలే ఆ మొదటి క్షణంలోనే. అందుకే మంచు మీద మడమ ముందు ఆనించకండి. పాదం మొత్తం ఒక్కసారిగా, బల్లపరుపుగా ఆనించండి. ఈ ఒక్క మార్పు చాలు, సగం గండం గట్టెక్కినట్టే!

నిలబడ్డ మనిషి కింద పడటానికి పట్టే సమయం ఎంత? సుమారు 0.7 సెకను! "అమ్మో" అనేలోపే నేల మీద ఉంటాం. ఆలోచించే వ్యవధే లేదు. కాబట్టి ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకోండి. మోకాళ్లు వంచండి. గడ్డం ఛాతీకి ఆనించండి. తల నేలకు తగలనివ్వకండి. కండ ఉన్న చోట, పిరుదు మీద పడండి!

పడబోతుంటే చెయ్యి చాపుతాం. అది మన చేతుల్లో లేని పని! ఆ చాపిన చెయ్యే మణికట్టు దగ్గర విరుగుతుంది. డబ్లిన్ సర్జన్ ఏబ్రహాం కోలిస్ ఈ విరుపును పూసగుచ్చినట్టు వర్ణించారు. ఎప్పుడో తెలుసా? 1814లో! అప్పటికి ఎక్స్‌రే అన్నదే లేదు. చేత్తో తడిమి, కంటితో చూసి చెప్పేశారు! డాక్టర్లు నేటికీ ఆ విరుపును ఆయన పేరుతోనే పిలుస్తారు.

తుంటి ఎముక ఎందుకు విరుగుతుంది? వయసు వల్లనా? ఎముక గుల్లబారడం వల్లనా? అవీ ఉన్నాయి. కానీ ఈ అంకె చూడండి. తుంటి విరుపుల్లో 95 శాతానికి పైగా కింద పడటం వల్ల వచ్చేవే! అదీ ఎక్కువగా పక్కకు పడినప్పుడు. పడకుండా చూసుకుంటే తుంటిని కాపాడుకున్నట్టే. అమ్మమ్మకు అందించే ఒక చెయ్యి ఒక ఆపరేషన్‌ను తప్పించగలదు!

అమెరికాలో 65 ఏళ్లు దాటినవారిలో ఏటా కింద పడేవారు ఎందరు? ప్రతి నలుగురిలో ఒకరికి పైనే! ఇంకో రహస్యం కూడా చెప్పనా? ఒకసారి పడ్డవారు మళ్లీ పడే ప్రమాదం రెట్టింపు అవుతుంది! కానీ చాలామంది డాక్టరుకు చెప్పనే చెప్పరు. "ఏదో కాలు జారిందిలే" అని దాటేస్తారు. దాటేయకండి. మొదటిసారి పడ్డప్పుడే చెప్పండి!

పెద్దవాళ్లే పడతారనుకుంటున్నారా? ఇదిగో లెక్క! 2014లో అమెరికాలో మంచు, ఐసు కారణంగా పనిలో గాయపడి, కనీసం ఒక రోజు సెలవు పెట్టినవారు 42,480 మంది! అందరూ పనిచేసే వయసువాళ్లే. ఆఫీసుకు ఆలస్యమవుతోందని పరుగెత్తే ఆ రెండు నిమిషాలు ఎంత ఖరీదైనవో చూశారా?

అడుగు మారిస్తే చాలు!

మనం రెండు కాళ్ల మీద నడుస్తామనుకుంటాం. పొరపాటు! నడకలో దాదాపు 80 శాతం సమయం ఒంటికాలి మీదే ఉంటాం! మంచు మీద ఆ ఒంటికాలే కొంప ముంచుతుంది. ఉపాయం? పెంగ్విన్ నడక! జర్మనీ డాక్టర్లు కూడా ఇదే చెబుతారు. పాదాలు కాస్త బయటికి తిప్పండి. చిన్న చిన్న అడుగులు వేయండి. ఒంటి బరువంతా ముందున్న పాదం మీదికి తెచ్చాకే వెనక కాలు ఎత్తండి. చేతులు జేబుల్లోంచి తీసి పక్కలకు చాచండి. ఎవరైనా చూస్తారని సిగ్గుపడకండి!

ఈ విద్య మన దేశంలోనూ ఉంది! లడఖ్‌లో జన్‌స్కార్ నది చలికాలంలో గడ్డకడుతుంది. ఆ ఐసునే "చాదర్" అంటారు. రాత్రిళ్లు మైనస్ 30 డిగ్రీల దాకా దిగే చలిలో స్థానికులు బరువులు మోస్తూ దాని మీదే నడుస్తారు! కాళ్లకు ఏముంటుంది? మామూలు రబ్బరు గమ్ బూట్లు! కాలు ఎత్తరు. ఐసు మీద నుంచి పాదం విడవకుండా ఈడుస్తూ వెళతారు. తరతరాల విద్య అది!

బూటు లోపల సాక్సు వేస్తారు. మరి బూటు పైన వేస్తే? నవ్వకండి! న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఒటాగో యూనివర్సిటీ పరిశోధకులు గడ్డకట్టిన ఏటవాలు బాట మీద 30 మంది పాదచారులతో పరీక్షించారు. బూటు పైన సాక్సు తొడిగినవారికి జారుడు తగ్గింది! జనాన్ని ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్నోబెల్ బహుమతి కూడా దీనికి దక్కింది. బ్యాగులో పాత ఉన్ని సాక్సుల జత ఒకటి పడేసుకోండి!

"వింటర్ బూట్లు" అని రాసి ఉంటే చాలా? అస్సలు చాలదు! టొరంటోలో ఒక ల్యాబ్ ఉంది. గదంతా ఐసు నేల. ఆ గదినే ఏటవాలుగా వంచేస్తారు! మనుషులు బూట్లు తొడుక్కుని ఆ వాలు మీద నడవాలి. 2016లో 98 రకాల చలికాలపు బూట్లను పరీక్షిస్తే నూటికి తొంభై దాకా తప్పాయి! ఖరీదు చూసి కొనకండి. అడుగుభాగం తిప్పి చూడండి. మెత్తని రబ్బరు, లోతైన గాడులు ఉన్నవే ఎంచుకోండి!

బూట్లకు తొడుగులు ఉంటాయని తెలుసా? రబ్బరు పట్టీ, దాని కింద లోహపు చుట్టలో, ముళ్లో! ఐస్ క్లీట్స్ అంటారు. విస్కాన్సిన్‌లో తరచూ పడే 109 మంది పెద్దవారితో ఒక చలికాలమంతా పరీక్షించారు. తొడుగులు వేసుకున్నవారు బయట పడటం సగానికి పైగా తగ్గింది! ఒక్క జాగ్రత్త మరవకండి. షాపులో, మాల్‌లో నున్నని గచ్చు మీదికి రాగానే విప్పేయండి. అక్కడ అవే జారుస్తాయి!

స్వీడన్‌లో ఏం చేశారో వినండి! చాలా ఊళ్ల మునిసిపాలిటీలు 65 ఏళ్లు దాటినవారికి ఈ ముళ్ల తొడుగులను ఉచితంగా పంచిపెట్టాయి! విరిగిన తుంటికి ఆపరేషన్ చేయించడం కంటే తొడుగులు కొనివ్వడం ఎంతో చవక కదా. లెక్క తెలిసినవారి పని! అమెరికా వస్తున్న అమ్మానాన్నలకు స్వెటరుతో పాటు ఇదీ కొనిపెట్టండి!

ధ్రువపు ఎలుగుబంటి అరికాలు ఎప్పుడైనా చూశారా? మెత్తగా ఉండదు! సన్నని బుడిపెలతో గరుగ్గా ఉంటుంది. ఆ బుడిపెలు వేరే ఎలుగుల బుడిపెల కంటే 1.5 రెట్ల దాకా పొడవు! పాదం చిన్నదైనా పట్టు తగ్గదు. శాస్త్రవేత్తలు వీటిని చూసి బూట్లకూ టైర్లకూ పాఠాలు నేర్చుకుంటున్నారు!

రెయిన్‌డీర్ ఇంకా గడుసుది! చలికాలం రాగానే దాని అరికాలి మెత్త కుంచించుకుపోతుంది. గిట్ట అంచు పదునుగా బయటికి వస్తుంది. ఆ అంచు ఐసును కోసి పట్టుకుంటుంది! ఎండాకాలం రాగానే మెత్త మళ్లీ ఉబ్బుతుంది. ఏడాదికి 2 రకాల పాదాలు, కొనకుండానే!

మంచు బూట్లు కొత్తవా? కానే కాదు! ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి కాళ్లకు బూట్లున్నాయి. ఎలుగుబంటి తోలుతో అడుగు. లోపల వెచ్చదనానికి ఎండుగడ్డి. వయసెంత? దాదాపు 5,300 ఏళ్లు! మంచు మీద ముందు పాదాన్ని కాపాడుకోవాలని ఆ రోజుల్లోనే తెలిసింది!

కారు దిగుతూనే జారేవాళ్లు ఎందరో! లారీ డ్రైవర్లకు నేర్పే సూత్రం ఒకటుంది. మీకూ చెబుతాను. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ 3 ఆనికలు ఉండాలి! రెండు పాదాలు, ఒక చెయ్యి. లేదా రెండు చేతులు, ఒక పాదం. సీటులోనే పక్కకు తిరిగి రెండు పాదాలూ నేలకు ఆనించండి. తలుపు పట్టుకుని అప్పుడు లేవండి. చేతిలో ఫోన్ వద్దే వద్దు!

ఊరికి ఊరే వెచ్చగా!

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో కొన్ని కాలిబాటలపై మంచు నిలవనే నిలవదు! భూగర్భం నుంచి వచ్చే వేడినీటితో ముందు ఇళ్లను వెచ్చబరుస్తారు. వాడేశాక ఆ నీళ్లు ఇంకా 35 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటాయి. పారబోయరు! కాలిబాటల కింద గొట్టాల్లో పారిస్తారు. ఇంట్లో వాడిన నీళ్లే వీధిలో మంచు కరిగిస్తాయి!

అమెరికాలోనూ ఇలాంటి ఊరుంది! మిచిగన్‌లోని హాలండ్. విద్యుత్ కేంద్రంలో వేడెక్కిన నీళ్లను ఊరి నడిబొడ్డున వీధుల కింద గొట్టాల్లో తిప్పుతారు. 1988 నుంచీ ఇదే పద్ధతి! చుట్టూ మంచు గుట్టలు. నడిచే బాట మాత్రం పొడిగా!

మంచు మీద అడుగే పెట్టకుండా ఊరు తిరగగలరా? మాంట్రియల్‌లో తిరగగలరు! నేల కింద దాదాపు 33 కిలోమీటర్ల దారులు! మెట్రో, షాపులు, ఆఫీసులు, యూనివర్సిటీ భవనాలు... అన్నీ కలుస్తాయి. అక్కడ చదివే మన పిల్లలు బయట మంచు తుపాను ఉన్నా లోపల తిరిగేస్తారు!

కాల్గరీవాళ్లు నేల కిందికి దిగలేదు. పైకెక్కారు! భవనాల మధ్య అద్దాల వంతెనలు కట్టేశారు. వీధికి ఎంత ఎత్తున? సుమారు 15 అడుగులు! ఆ వ్యవస్థ పేరే "ప్లస్ 15". కింద వీధిలో ఐసు. పైన స్వెటరు కూడా అక్కర్లేని నడక!

ఫిన్లాండ్ వాతావరణ శాఖ దేనికి హెచ్చరిక ఇస్తుందో తెలుసా? కార్లకే కాదు, నడిచేవాళ్లకు కూడా! "ఈరోజు కాలిబాటలు బాగా జారతాయి, జాగ్రత్త" అని ముందే చెబుతుంది. 55 లక్షల మంది ఉన్న దేశంలో పాదచారికి ఇంత విలువ! బయటికి అడుగు పెట్టే ముందు ఒక్కసారి ఆ కబురు చూసుకుంటారు.

న్యూయార్క్‌లో ఇల్లు కొన్నారా? మంచు మీ బాధ్యతే! పగటిపూట మంచు కురవడం ఆగిందంటే 4 గంటల్లో మీ ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాలి. లేకపోతే జరిమానా! బాట మీ సొంతం కాకపోయినా సరే. దాని మీద నడిచే ముసలాయన మీ పూచీ!

ఉప్పు మహిమ

మంచు మీద ఉప్పు చల్లితే కరిగిపోతుందా? కరుగుతుంది. కానీ ఎంత చలిలోనైనా కాదు! సుమారు మైనస్ 9 డిగ్రీలు దాటి చలి ముదిరితే మామూలు రాతి ఉప్పు దాదాపు చేతులెత్తేస్తుంది. అప్పుడు ఎంత చల్లినా దండగే! ఇసుక చల్లండి. కరిగించదు కానీ కాలికి పట్టునిస్తుంది.

ఎంత ఉప్పు చల్లాలి? బస్తాలు కాదు! కాఫీ తాగే పెద్ద కప్పు ఒక్కటి చాలు. దానితో కాలిబాట పలకలు 10 కవరవుతాయి! మంచు ముందు పారతో తీసేయాలి. మిగిలిన పల్చటి ఐసు మీద గింజకు గింజకు ఎడం ఉండేలా చల్లాలి. కుప్పగా పోస్తే లాభం లేదు!

ఎక్కువ చల్లితే ఏమవుతుంది? గుండె ఝల్లుమనే అంకె ఇది. ఒక్క టీ స్పూను ఉప్పు దాదాపు 19 లీటర్ల మంచినీటిని పాడు చేసేస్తుంది! ఆ ఉప్పంతా కరిగి చెరువుల్లోకే చేరుతుంది. చేపలకు ముప్పు! మిగిలిపోయిన ఉప్పు కనిపిస్తే చీపురుతో ఊడ్చి దాచుకోండి. మళ్లీ పనికొస్తుంది!

మిల్వాకీ ఊరు ఏం చల్లి చూసిందో ఊహించండి! చీజ్ తయారీలో మిగిలిన ఉప్పునీళ్లు! 2013 చలికాలంలో ఈ ప్రయోగం చేశారు. చీజ్‌కు పేరుపడ్డ విస్కాన్సిన్‌లో ఆ నీళ్లకు కొదవా? పారబోసే నీళ్లు రోడ్లను కాపాడాయి. కాస్త చీజ్ వాసన వస్తేనేం!

పార పట్టేముందు ఆగండి!

మంచు ఎత్తిపోయడం ఏముంది, ఇంటి పనేగా అనుకుంటున్నారా? అమెరికాలో ఈ పని చేస్తూ ఆసుపత్రి అత్యవసర విభాగానికి చేరినవారు ఏటా సగటున 11,500 మంది! 1990 నుంచి 2006 దాకా తీసిన లెక్క ఇది. నడుము పట్టేస్తుంది, కాలు జారుతుంది, గుండె మొరాయిస్తుంది! మంచును ఎత్తకండి, తోయండి. ఎత్తక తప్పకపోతే మోకాళ్లు వంచి, సగం పారే ఎత్తండి!

క్యూబెక్‌లో డాక్టర్లు దశాబ్దాల రికార్డులు తిరగేశారు. 20 సెంటీమీటర్ల మంచు కురిసిన మర్నాడు గుండెపోటుతో చనిపోయే మగవారు 34 శాతం ఎక్కువ! పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా పార పట్టేస్తారు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి. బరువు పని తోడవుతుంది. గుండెజబ్బు, బీపీ ఉన్న నాన్నగారి చేతికి పార ఇవ్వకండి. ఆయన అడిగినా ఇవ్వకండి!

గడ్డకట్టిన చెరువు మీద ఫొటో దిగాలనుందా? ముందు ఐసు మందం అడగండి! మనిషి నడవాలంటే తేటగా, కొత్తగా గట్టిపడ్డ ఐసు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. తెల్లగా పాలిపోయిన ఐసు అయితే బలం సగమే. అంటే మందం రెట్టింపు కావాలి! ఎవరూ కొలవని చెరువు మీద కాలు పెట్టకండి.

పొరపాటున ఐసు విరిగి నీళ్లలో పడితే? వెంటనే చలికి చనిపోతామనుకుంటాం. కాదు! మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే సూత్రం 1-10-1. మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపు చేసుకోవాలి. తర్వాత 10 నిమిషాలు చేతులూ కాళ్లూ పనిచేస్తాయి. స్పృహ పోవడానికి ఇంచుమించు ఒక గంట పడుతుంది! కంగారు పడకండి. ఎటు నుంచి వచ్చారో అటే తిరిగి, కాళ్లు ఆడిస్తూ పొట్ట మీద పైకి పాకండి!

మంచు లేని ఇంట్లోనూ!

"మన ఊళ్లో మంచెక్కడిది?" అంటారా? అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగికి వెళ్లి చూడండి! చలికాలం తెల్లవారుజామున చలి 0 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. రాళ్లూ గట్లూ మంచుతో తడిసి జారుతుంటాయి. సూర్యోదయం ఫొటో కోసం చెప్పులతో పరుగెత్తకండి. గాడులున్న బూట్లు వేసుకెళ్లండి!

పడి చనిపోవడం చలిదేశాల కష్టమేనా? అస్సలు కాదు! ప్రపంచమంతటా ఇలా చనిపోయేవారిలో 80 శాతానికి పైగా మనలాంటి పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట ఇది. మంచు లేకపోయినా తడి బాత్రూం ఉంది, చీకటి మెట్లున్నాయి!

భోగినాడు ఏం చేస్తాం? జనవరి 13నో, 14నో, తెల్లవారకముందే తలంటు! ఒళ్లంతా నువ్వుల నూనె. పాదాల కిందా నూనే. దానికి తోడు నున్నని టైల్స్, సున్నిపిండి, సబ్బు నీళ్లు! మంచు దేశంలో ఐసు చేసే పనే ఇక్కడ నూనె చేస్తుంది. తాతయ్యను పీట మీద కూర్చోబెట్టండి. అరికాళ్ల నూనె తుడిచాకే లేపండి. లైటు వేసి ఉంచండి!

ఇప్పుడు చేతి గడియారం కూడా కాపలా కాస్తోంది! యాపిల్ వాచ్ పెట్టుకున్నవారు గట్టిగా పడితే అది పసిగడుతుంది. సుమారు 60 సెకన్ల పాటు కదలిక లేకపోతే తనే అత్యవసర సాయానికి ఫోన్ చేస్తుంది! ఒంటరిగా వాకింగ్‌కు వెళ్లే పెద్దవారికి మంచి తోడు. ఫోన్ నంబర్లు పెట్టి, పనిచేస్తోందో లేదో చూసి ఇవ్వండి.

తలకు చిన్న దెబ్బే కదా అని ఊరుకున్నారా? కెనడా డాక్టర్లు తలదెబ్బకు స్కాన్ తీయాలా వద్దా అని తేల్చే నియమం ఒకటి రాసుకున్నారు. పడ్డాక కాసేపు మతి తప్పినా, పడ్డది గుర్తులేకపోయినా, వయసు 65 అయితే చాలు, ముప్పు ఎక్కువ ఉన్న జాబితాలోకి వెళ్లిపోతారు! రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బొప్పి కట్టలేదని ధీమా వద్దు. డాక్టరుకు చూపించండి!

ఇప్పుడే, ఇక్కడే ఒక పరీక్ష! గోడ పక్కన నిలబడండి. ఒక కాలు ఎత్తండి. ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడగలరా? బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్లవారికి ఈ పరీక్ష పెట్టారు. నిలబడలేనివారిలో తర్వాతి ఏళ్లలో చనిపోయే ముప్పు ఎక్కువగా కనిపించింది! తూలారా? బెంగపడకండి. ఇప్పుడు తెలిసింది కదా, ఇక సరిచేసుకోవచ్చు!

ఎలాగంటారా? ఇదే అన్నిటికంటే మంచి కబురు! తూలకుండా నిలబడటం నేర్పే వ్యాయామాలు చేసే పెద్దవారిలో పడటం 24 శాతం తగ్గుతుందని ఎన్నో పరీక్షలను కలిపి చూసి తేల్చారు. మందు లేదు, ఖర్చు లేదు! కుర్చీ పట్టుకుని లేవండి, కూర్చోండి. వంటగది గట్టు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడండి. ప్రయాణానికి ఇంకా రెండు నెలలుందా? ఈ సాయంత్రమే మొదలుపెట్టండి, అమ్మనూ నాన్ననూ కూడా పక్కన నిలబెట్టుకోండి!